నియంతలు తల్లులను నెత్తిన పెట్టుకున్నారా?

"ఇంటికి తండ్రి ఎలాగో దేశానికి గట్టి నాయకుడు అలాగ" అని మొదలయ్యే మెసేజ్ ఈ వారంలో ఐదోసారి వచ్చింది. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను. దేశం ఒక కుటుంబం కనుక పెద్దకు ఎదురు చెప్పకూడదట, నియంతలు తల్లులను నెత్తిన పెట్టుకున్నారట, ఆడవాళ్లే అలాంటి నాయకులను కోరుకుంటారట, ఇంట్లో మగవాడి పెత్తనానికీ రాజకీయాలకూ అసలు సంబంధమే లేదట.

మొదటిది పాత పాటే. రాజు ప్రజలకు తండ్రి అని 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ ఫిల్మర్ వాదిస్తే, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తండ్రి అధికారం చెల్లదనీ, ఆ అధికారంలో తల్లికీ వాటా ఉందనీ తత్వవేత్త జాన్ లాక్ ఆ శతాబ్దంలోనే బదులిచ్చాడు. అంతే, ముందుకు వెళ్దాం.

రెండో మాట చదివితే మాత్రం ఒళ్లు మండుతుంది. హిట్లర్ ప్రభుత్వం 1938లో తల్లులకు పతకం పెట్టిన మాట నిజం. నలుగురు పిల్లలుంటే కంచు, ఆరుగురుంటే వెండి, ఎనిమిది మందైతే బంగారం. అయితే అది "జర్మన్ రక్తం" ఉన్న తల్లులకే. మిగతావాళ్ల సంగతి? అదే ప్రభుత్వం 1933 నాటి చట్టంతో దాదాపు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. రుమేనియాలో నియంత చౌషెస్కూ పదిమందిని కన్న తల్లిని "వీరమాత" అన్నాడు, 1966లో అబార్షన్ నిషేధించాడు, గర్భనిరోధక సాధనాలు దొరకనివ్వలేదు, 1980లలో పనిచేసే చోటే ఆడవాళ్లకు గర్భ పరీక్షలు చేయించాడు. దొంగచాటు అబార్షన్లతో చచ్చిపోయిన ఆడవాళ్లు పదివేల దాకా ఉంటారని అంచనా. వాళ్లలో ఎంతోమంది అప్పటికే తల్లులు. ఇదా నెత్తిన పెట్టుకోవడం? 1989 డిసెంబరులో అతను కూలిన వెంటనే, రోజుల్లోనే, కొత్త ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. జనం దాన్ని ఎంత భరించలేకపోయారో దీన్ని బట్టే తెలుస్తుంది.

మూడోది ఒప్పుకుంటాను. ఆడవాళ్లు కూడా అలాంటి నాయకులకు ఓట్లేశారు, వేస్తున్నారు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: ప్రజాస్వామ్యం ఉన్నంత మాత్రాన పితృస్వామ్యం పోదు. స్విట్జర్లాండులో ఆడవాళ్లకు దేశస్థాయి ఓటు 1971లో గానీ రాలేదు, ఏకపార్టీ పాలనలోని సోవియట్ రష్యా మాత్రం 1920లోనే అబార్షన్‌ను చట్టబద్ధం చేసింది. కానీ స్టాలిన్ ప్రభుత్వం 1930లో పార్టీలోని మహిళా విభాగాన్ని మూసేసి, 1936లో ఆ అబార్షన్ హక్కును లాగేసుకుంది. అప్పటికి ఇదేమిటని గట్టిగా అడగడానికి ఆడవాళ్లకంటూ ఒక సంఘం మిగల్లేదు. స్విస్ మహిళలు ఎంత ఆలస్యమైనా, అడిగీ అడిగీ తెచ్చుకున్నారు. తేడా అక్కడుంది.

ఇక సంబంధమే లేదన్న నాలుగో మాట. దేశం కుటుంబం లాంటిదని పైన రాసి, కుటుంబానికీ రాజకీయాలకూ సంబంధం లేదని కింద రాసినవాళ్లు తమ మెసేజ్ ఒక్కసారైనా చదువుకున్నారా? నియంత ఫ్రాంకో కాలం స్పెయిన్‌లో పెళ్లయిన ఆడమనిషి ఉద్యోగం చేయాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలి. 2017లో రష్యా పార్లమెంటు, ఇంట్లోవాళ్లను పెద్దగా గాయం కాకుండా మొదటిసారి కొడితే అది నేరం కాదు, జరిమానాతో సరిపెట్టొచ్చు అని చట్టం మార్చింది. ఇంటి గొడవ ఇంటిదే అయితే, దాని మీద పార్లమెంటు ఓటెందుకు వేసింది?