ఆరో నంబరు క్రోమోజోము సారుకు విరాసత్ అర్జీ

మహారాజశ్రీ సారు గారికి,

దేవరకొండ దిక్కు నుంచి, మీ రికార్డుల ఉన్న ఒక చిన్నకొడుకు దండం పెట్టి రాసుకునే విన్నపం ఏమనగా:

2021 ఎండకాలం మా ఇంటికి కరోనా వచ్చింది. ఒక్కటే ఇల్లు, ఒక్కటే కుండల బువ్వ. నాకంటే తొమ్మిదేండ్లు పెద్ద మా అన్న. పాజిటివ్ అని చీటీ చూసి నవ్విండు, దగ్గు గూడ రాలే. నేను పదకొండు రోజులు ఆక్సిజన్ మీద పన్న. అప్పటిసంది పెండ్లిల కలిసినా, దినాల బువ్వల కూసున్నా ఆయనది ఒక్కటే మాట: "పొద్దుగాల జొన్న గట్క, పొద్దుగూకంగ తాటికల్లు. మన బాడీయే వేరు తమ్మీ." ఇద్దరిని ఒక్క తల్లే కన్నది. ఆ 'మన'ల నేను లేనా సారూ?

అందుకే విచారణ చేసిన. హెచ్ఎల్ఏ జన్యువులు మీ ఆఫీసులనే ఉంటయట. కణంల దూరిన వైరస్‌ను ముక్కలు చేసినంక, ఆ ముక్కలను పైకి తెచ్చి, రోగాన్ని పట్టే టీ-కణాలకు చూపెట్టే పళ్లాలు అవ్వే చేస్తయి. ఒక్కొక్కరి పళ్లెం ఒక్కో తీరు. కొన్నిట్ల ముక్క ఇమిడి కూసుంటది, కొన్నిట్లకెళ్లి జారిపోతది. బి 15:01 అనే హెచ్ఎల్ఏ రకం ఉన్నోళ్లు కరోనా సోకినా లక్షణాల్లేకుండ గట్టెక్కే అవకాశం ఎక్కువని 2023ల తేలింది. ఎన్నడో వచ్చిన మామూలు జలుబు వైరస్‌ను యాదుంచుకున్న టీ-కణాలు దీన్ని గూడ పట్టినయట. అన్నకు అది ఉన్నదో, ఇంకేమున్నదో మీకే ఎరుక. కల్లుకైతే తెల్వది.

పొలం పంచినప్పుడు పెద్దమనుషుల నడుమ చీట్లేసినం. చెరువు కింది మడి అన్నకు, చెల్క నాకు. మంచిదే అన్న. మీరు గూడ చీట్లే వేసిండ్రు: అమ్మ రెండు కాగితాల్ల ఒకటి, నాయిన రెండు కాగితాల్ల ఒకటి. సొంత అన్నదమ్ములకైనా రెండూ ఒకే తీరు పడేది నాలుగిట్ల ఒక్కపారే. సాక్షుల్లేరు, సంతకాల్లేవు.

అసలు ఆ చీట్ల సంచే చిన్నది. మా అమ్మ, నాయినకు సొంత మేనమామ బిడ్డ. భూమి బయటికి పోవద్దని చేసిన పెండ్లి. భూమి పోలే, కొత్త పళ్లాలు గూడ రాలే. రెండు దిక్కుల హెచ్ఎల్ఏ వేరువేరుగ ఉన్నోళ్లల్ల హెచ్ఐవీ ఎయిడ్స్‌గా ముదురుడు ఆలస్యమైతదని 1999లనే చూసిండ్రు.

మీ పక్క ఆఫీసు, మూడో నంబరు మీద గూడ ఫిర్యాదున్నది. మా దిక్కు మ్యుటేషన్ అంటే పట్టాల పేరు మారుడు. తాత పేరుల ఒక్క అక్షరం తప్పు పడ్డదని నేను ఆరేండ్లు తిరిగిన. అక్కడ సీసీఆర్5 అనే జన్యువు దస్తావేజుల 32 అక్షరాలు ఎగిరిపోతే, అదిగూడ అమ్మ దిక్కు నాయిన దిక్కు రెండింట్ల ఎగిరిపోతే, హెచ్ఐవీ చాలావరకు తలుపు దొరకక వాపసు పోతది! ఆ భాగ్యం ఎక్కువగ ఉత్తర యూరప్ వాళ్లకే. మళ్ల ఆ రెండూ ఎగిరినోళ్లకే, దోమలతోని వచ్చే వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు బయటపడే ముప్పు ఎక్కువట. ఒక చేత్తో పట్టా, ఇంకో చేత్తో నోటీసు.

అదే ఆఫీసుల, ఎన్నడో అంతరించిపోయిన నియాండర్తల్ మనుషుల కాలం నాటి ముక్క ఒకటి ఉన్నది. కరోనా ముదురుడుకు దాంతోని సంబంధమున్నదని 2020ల జన్యు శాస్త్రవేత్త స్వాంటె పాబో వాళ్లు రాసిండ్రు. దక్షిణాసియాల సగంమంది దగ్గర ఉన్నదన్నరు. నా రోగానికి కారణం దొరికిందని సంబురపడ్డ. తర్వాతి ఏడే హైదరాబాద్‌ల జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీల తంగరాజ్ బృందం, దక్షిణాసియా జనంల ఆ లెక్క కలుస్తలేదన్నది. తప్పు మోపుదామంటే ముత్తాతల ముత్తాత గూడ దొరకలే.

మీ గుమస్తా అడుగుతడు, షుగరున్నదా అని. ఉన్నది, మా అన్నకు. ఎంత వైరస్ మింగినవని గూడ అడుగుతడు. వారం ముందు నేనొక దావతుకు పోయిన మాట నిజమే. ఆ ముచ్చట అర్జీల రాయద్దనుకున్న.

దసరాకు అన్న వస్తుండు. ఆలోపల ఆయన కాగితం నఖలు ఒకటి ఇప్పించగలరు.

జత: ఆధార్ జిరాక్స్ ఒకటి, సీటీ స్కాన్ ఫిలిం ఒకటి. దావతుల మాస్కుతోని దిగిన ఫోటో లేదు.