మెటల్ డిటెక్టర్ గారికి ఓ బావమరిది విన్నపం

మహారాజశ్రీ మెటల్ డిటెక్టర్ గారికి,

తమరు కొరియర్‌లో దిగి మా అక్క ఇంట్లో బీరువా మీద ఆసీనులైన దగ్గర్నుంచీ మా బావగారు మనుషుల్లో లేరు. ఇడ్లీ చల్లారినా పట్టదు గానీ మీ బ్యాటరీ నిండిందా లేదా అని మాత్రం పదిసార్లు చూస్తారు. పూర్వం లంకెబిందెల కోసం అంజనం వేయించేవారు. అంజనంవాడు కొబ్బరికాయ, తాంబూలంతో పోయేవాడు. మీకు నెలనెలా ఈఎమ్ఐ.

మీ శాస్త్రాన్ని నేను కాదనను. కాయిల్‌లోంచి అయస్కాంత క్షేత్రం కిందికి పంపుతారు, అక్కడ లోహముంటే అందులో కరెంటు సుడులు తిరుగుతుంది, ఆ సవ్వడి మీకు అందగానే కూత పెడతారు. బాగానే ఉంది. కానీ కింద ఉన్నది ఏ సంవత్సరం నాటిదో ఆ కూతలో ఉండదు కదండీ! కూల్‌డ్రింక్ డబ్బా మీది రింగుకీ బంగారు ఉంగరానికీ మీ తెర మీద ఇంచుమించు ఒకే అంకె చూపిస్తారు. పోనీ ఇనుము వద్దని మీట నొక్కితే, 1990ల నాటి స్టీలు రూపాయిని కూడా మేకుల్లో కలిపేస్తారు. గుడి గుమ్మంలో కాపలా కాసే మీ అన్నగారే నయం, బెల్టు బకిల్‌కి కూసినా తవ్వమని మాత్రం అనరు.

రుషికొండలో తడి ఇసుక మీదికి తీసుకెళ్తే ఉప్పునీటికే కేకలు. భీమిలి వైపు నల్ల ఇసుకలో ఖనిజాలెక్కువ, అక్కడ మీకు ఏకంగా పూనకం. ఇక ఆర్కే బీచ్. కెరటాలు కోసేసిన ఒడ్డును నింపడానికి పోర్టు దగ్గర డ్రెడ్జర్‌తో తోడిన ఇసుకను అక్కడ పోస్తుంటారని ఊరందరికీ తెలుసు. ఆ ఇసుకలో మా బావగారు ఒకప్పుడు భీమిలిలో వర్తకం చేసిన డచ్చివాళ్ళ డబ్బు వెతుకుతున్నారు. మురీ మిక్చర్ బండివాడు రోజూ "సార్, ఏమైనా పోయిందా?" అని అడుగుతాడు. ఏం చెప్పాలి?

దొరికిందల్లా మూలలు గుండ్రంగా ఉన్న ఆ చదరపు అల్యూమినియం ఐదు పైసలు. పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెలామణీలోంచి పోయాయి. అయినా బావగారికి ఎవరో వాట్సాప్‌లో పంపారట, ఇలాంటి వాటికి లక్షలిస్తారని. పాత నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకునే మోసగాళ్ళను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

నిజంగా నిధే దొరికిందనుకోండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్ గారికి రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే జైలుకి కూడా పంపొచ్చు. ఆ పది రూపాయల గీత విక్టోరియా రాణి కాలంలో గీసింది. ఈ రోజు ఆ డబ్బుకి బీచ్‌లో మిరపకాయ బజ్జీలు కూడా కడుపునిండా రావు. మీ పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకంలో ఈ ముక్క లేదు, వెతికాను.

ఈ నేలలో పాత నాణేలు లేవని కాదు. 1976లో నేవీవాళ్ళు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే తొట్లకొండ బయటపడింది. 1988 నుంచి పురావస్తు శాఖ కొన్నేళ్ళు తవ్వితే బౌద్ధ విహారంతో పాటు సాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఏ గోడ పక్కన, ఏ పొరలో, దేనితో కలిసి ఉందో రాసుకుంటూ తీశారు కాబట్టే ఆ భిక్షువుల కొండకీ రోము వర్తకానికీ చుట్టరికం తెలిసింది. అదే నాణేన్ని మా బావగారు స్క్రూడ్రైవర్‌తో పెకలించి చొక్కా జేబులో వేసుకుంటే, వెండి ధరకు తూకం వేయించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇదంతా చెప్తే "నీకు మొదట్నుంచీ నా మీద కుళ్ళేరా" అన్నారు.

కాబట్టి తమరికి నాదొకటే విన్నపం. వచ్చే ఆదివారం బావగారు మిమ్మల్ని తొట్లకొండకి తీసుకెళ్తామంటున్నారు. అది రక్షిత స్థలం, అక్కడ తవ్వితే కాపలావాళ్ళు ఊరుకోరు. స్టేషన్‌కి పరిగెత్తాల్సింది నేను, ఏడవాల్సింది మా అక్క. శనివారం రాత్రి తమరి ఛార్జర్ నేను మా ఇంటికి పట్టుకుపోతున్నాను. కాస్త కూయకుండా సహకరించండి.

ఇట్లు,
తమరి ఈఎమ్ఐకి హామీ సంతకం పెట్టిన బావమరిది,
విశాఖపట్నం.