బాంబుల కోసం పెట్టిన చెవులు, సునామీకి పనికొస్తాయి

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలింది. కార్ల కెమెరాల్లో పడ్డ ఆ వీడియోలు అందరూ చూశారు కానీ, ఆ పేలుడులో పుట్టిన ఇన్‌ఫ్రాసౌండ్, అంటే మన చెవికి అందని 20 హెర్ట్జ్‌ కంటే తక్కువ శబ్దం, దాదాపు 15 వేల కిలోమీటర్ల అవతల అంటార్కిటికాలో కూడా నమోదైందన్న సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

అక్కడి స్టేషన్ పెట్టింది ఉల్కల కోసం కాదు. ఎవరైనా దొంగచాటుగా గాల్లో అణుబాంబు పేలిస్తే పట్టుకోవడానికి. అణు పరీక్షలన్నిటినీ నిషేధించే 1996 నాటి సీటీబీటీ ఒప్పందం కింద ఇలాంటివి 60 అనుకున్నారు, యాభైకి పైగా పనిచేస్తున్నాయి. ఒక్కో స్టేషన్‌లో కనీసం నాలుగు సెన్సర్లు దూరదూరంగా ఉంటాయి, అల ముందు దేన్ని తాకింది, తర్వాత దేన్ని తాకింది అన్న తేడాను బట్టి దిక్కు లెక్కగడతారు. అసలు తలనొప్పి గాలి. అందుకే సెన్సర్ చుట్టూ డ్రిప్ పైపుల్లా రంధ్రాలున్న గొట్టాలు పరుస్తారు. చాలా చోట్ల నుంచి ఒకేసారి శబ్దాన్ని తీసుకుంటే చిన్నచిన్న సుడిగాలుల గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుని, దూరం నుంచి వచ్చిన పొడవాటి అల మిగులుతుంది.

మనం ఆ ఒప్పందంపై సంతకం చేయలేదు, ఆ నెట్‌వర్క్‌లో మన గడ్డ మీద ఒక్క స్టేషనూ లేదు. సంతకం పెట్టకపోవడం తప్పని నేను అనను. కానీ బాంబు రాజకీయం వేరు, గాలిని వినడం వేరు కదా?

2018 డిసెంబరు 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రాకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి సముద్రంలో పడింది. సునామీకి నాలుగొందల మందికి పైగా చనిపోయారు. ముందు పెద్ద భూకంపం రాలేదు కాబట్టి హెచ్చరికా రాలేదు. ఆ శబ్దం మాత్రం హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల ఇన్‌ఫ్రాసౌండ్ స్టేషన్‌లో నమోదైంది.

మన సునామీ హెచ్చరికలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచే వెళ్తాయి, అదీ ప్రధానంగా భూకంపంతో మేల్కొనే వ్యవస్థే. అండమాన్‌లోనేమో బారెన్ ఐలాండ్ ఉంది, దేశంలో రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం, శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) సుమారు 140 కిలోమీటర్లు. శబ్దం ఆ దూరం ఏడు నిమిషాల్లో దాటేస్తుంది. పైగాలులు ఎదురు వీచే కాలంలో సిగ్నల్ బలహీనపడొచ్చు, ఇదొక్కటే చూసి సునామీ అని చెప్పేయనూ లేం. అయినా సముద్రంలో తేలుతూ సునామీని పసిగట్టే బోయల నిర్వహణకు పెట్టే ఖర్చుతో పోలిస్తే, అండమాన్ దీవుల్లో నేల మీద నాలుగు సెన్సర్లు, కొన్ని గొట్టాలు ఎంతవుతాయి? ఎవరి సంతకమూ అక్కర్లేదు.