లేడీస్ టాయిలెట్ తాళం కప్ప గారికి

మహారాజశ్రీ తాళం కప్ప గారి దివ్య సముఖానికి, ఇదే హైస్కూల్లో పనిచేస్తున్న బయాలజీ టీచరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరు కుశలమేనని తెలుసు, మొన్ననే అటెండరు తమరికి కొబ్బరినూనె పట్టించాడు. మా కుశలం సంగతే, అంటే మాటిమాటికీ వచ్చే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ సంగతే, కాస్త విన్నవించుకుందామని.

ఈ బడిలో తమరంత సీనియర్ లేరు. హెడ్మాస్టర్లు మారారు, గోడల రంగులు మారాయి, ప్రభుత్వాలు మారాయి. 2014లో ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి ప్రతి బడిలో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలన్నారు. కట్టారు. తర్వాత బడులు బాగుచేసే నాడు-నేడు పథకం వచ్చి టైల్స్ వేసింది, కుళాయి పెట్టింది. ఆ రోజే తమర్ని పాత రేకు తలుపు నుంచి కొత్త తలుపుకి మార్చారు. అది బదిలీ కాదు, ప్రమోషన్.

తమరి చెవి పోకుండా దానికి జానెడు కర్ర ముక్క కట్టి, ఎర్ర పెయింటుతో ‘లేడీస్’ అని రాశారు. అది హెచ్చెమ్ గారి టేబుల్ మీద, హాజరు పట్టీ పక్కన ఉంటుంది. కావాలంటే లోపలికెళ్ళి, లెక్కల మాస్టారూ డ్రిల్లు మాస్టారూ మాట్లాడుతున్న మాట ఆపేసి చూస్తుండగా ఆ కర్ర అందుకుని, తొమ్మిదో తరగతి అబ్బాయిల కిటికీల ముందు నుంచి వరండా పొడుగునా నడవాలి. ఉత్సవ విగ్రహానికి కూడా అంత ఊరేగింపు ఉండదు. పిల్లలకైతే ఇంటర్వెల్లోనే తమరి దర్శనం. ఉన్నవి రెండు గదులు, పది నిమిషాలు. లోపల గడియ ఎప్పుడో ఊడిపోయింది కనుక ఒకమ్మాయి వెళ్తే ఇంకో అమ్మాయి బయట తలుపు పట్టుకుని నిలబడాలి. బయట ఇంత లావు ఇత్తడి తాళం, లోపల గడియ కూడా లేదు. తమరు కాపాడుతున్నది టైల్స్‌నా, పిల్లల్నా అన్న అనుమానం రావడం సహజం కదండీ.

అందుకని మేమంతా ఒక ఉపాయం కనిపెట్టాం. నీళ్ళు తాగడం మానేశాం. పొద్దున అమ్మలు నింపి పంపిన బాటిళ్ళు సాయంత్రం నిండుగానే ఇంటికెళ్తాయి. ఈ మధ్య వాటర్ బెల్ అని వచ్చింది. కేరళ బడుల్లో మొదలై మన దాకా పాకింది, మంచి ఆలోచన. గంట కొడితే పిల్లలందరూ నీళ్ళు తాగాలి. అబ్బాయిలు గటగటా తాగుతారు. అమ్మాయిలు మూత తీసి, పెదవులు తడుపుకుని, మూత పెట్టేస్తారు. తాగించడానికి గంట ఉంది, పోయించడానికి లేదని వాళ్ళకి తెలుసు.

నేను పదో తరగతికి విసర్జన పాఠం చెప్పేది కూడా ఆపుకునే. బోర్డు మీద మూత్రాశయం బొమ్మ వేస్తూ, నాలుగైదు వందల మిల్లీలీటర్లకి నిండిపోతుందర్రా అని చెప్తుంటాను. మూత్రం బయటికొచ్చే దారి, అదే ప్రసేకం, మగవాళ్ళకి దాదాపు 20 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 4. పేగుల్లో హాయిగా బతికే ఈ.కోలై బ్యాక్టీరియా పక్కనే ఉన్న ఆ చిన్న సందు ఎక్కడం ఎంతసేపు? ఎక్కిన దాన్ని కడిగి బయటికి తోసేది మూత్రమే. తోసేవాళ్ళు లేకపోతే అది మూత్రాశయం గోడకి అతుక్కుంటుంది, కణాల్లోకి కూడా దూరి దాక్కుంటుంది. అనువైన చోట 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మా పీరియడ్ 45 నిమిషాలు. లెక్క మాస్టారు వేస్తారు.

బల్గేరియాలో మాటిమాటికీ ఈ మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళ మీద ఒక పరిశోధన చేశారు, 2018లో అచ్చయింది. సగం మందికి రోజూ ఒకటిన్నర లీటరు నీళ్ళు అదనంగా ఇచ్చారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, మిగతావాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. మందు చాలా చవక. కాకపోతే లోపలికి పోయిన ఒకటిన్నర లీటరు మళ్ళీ ఎక్కడికో పోవాలి. ఆ పరిశోధకులకి తమరితో పరిచయం లేనట్టుంది.

నేరమంతా తమరి నెత్తినే రుద్దను. కొత్తగా పెళ్ళయిన ఇంగ్లీషు మేడంకి కారణం వేరు, కలయిక తర్వాత రావడం మామూలే. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ తెలుగు మేడంకి నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి వస్తోంది. డాక్టరు రాసిచ్చిన ఈస్ట్రోజన్ క్రీమ్‌తో ఆవిడ తెరిపిన పడ్డారు. షుగరు ఉన్నా, కిడ్నీలో రాళ్ళున్నా తిరగబెడుతుంది. ఎవరికి వచ్చినా ఊళ్ళో మాట మాత్రం ఒక్కటే, ‘శుభ్రంగా ఉండరు’. ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం మంచి అలవాటే, కాదనను. కానీ పదేపదే వచ్చేవాళ్ళనీ రానివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అలవాటులో పెద్ద తేడా కనబడలేదు. ఈ మాట విని సువాసన వాష్‌లతో తోమేసుకునేవాళ్ళు మేలు చేసే సూక్ష్మజీవుల్ని కూడా చంపుకుంటారు, అంతే.

తమరికి ఇద్దరు భాగస్వాములున్నారు. ఒకరు ‘వేడి చేసింది’ గారు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు ఇచ్చి పంపేస్తారు. తాగితే నష్టం లేదు, నీళ్ళేగా. రెండో ఆయన బస్టాండు దగ్గర మెడికల్ షాపు. చీటీ అడగడు, పరీక్ష అడగడు, నాలుగు బిళ్ళలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. రెండు రోజుల్లో మంట తగ్గుతుంది, మిగతా రెండు బిళ్ళలు హ్యాండ్‌బ్యాగులో ఉండిపోతాయి, వచ్చే నెల మళ్ళీ ఆయన దగ్గరికే. మన దేశంలో ఈ.కోలై ఆయన ఇచ్చే నార్‌ఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్ మందులకి చాలావరకు లొంగడం మానేసింది. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే యూరిన్ కల్చర్, అంటే మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష, చేయించి, ఏ మందుకి చస్తుందో చూసి వాడాలి. చలిజ్వరం, నడుం పైన పక్కల్లో నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి. కిడ్నీ దాకా పాకిన దానికి సబ్జా గింజలు ఆనవు.

కోళికోడ్ మిఠాయి వీధి తెలుసా తమరికి? అక్కడ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళకి మరుగుదొడ్డే లేక, మాలాగే నీళ్ళు మానేసి రోజంతా నిలబడేవారు. పెన్‌కూట్టు అని సంఘం పెట్టుకుని ముందు మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. 2018లో కేరళ తన షాపుల చట్టమే మార్చింది. మాకు చట్టం మార్చేంత ఓపిక లేదు. తల్లిదండ్రుల కమిటీ మీటింగ్‌లో మూడు పెడుతున్నాం: మరుగుదొడ్లు కడిగే ఆయాకి నెలనెలా జీతం, లోపల గడియ, ప్యాడ్లు వెయ్యడానికి మూత ఉన్న డబ్బా. తమరికి స్టోర్ రూమ్‌కి బదిలీ. అక్కడ విరిగిన బెంచీలున్నాయి, వాటికి అర్జెంటు పన్లేమీ ఉండవు.

ఇట్లు,
ఇంకో రెండు పీరియడ్లు చెప్పాల్సి ఉన్న
బయాలజీ టీచరు