నల్ల పాస్టెల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నల్ల పాస్టెల్ గారికి,

ఉభయకుశలోపరి. సుద్దముక్కలాంటి పొడి రంగు కడ్డీ అయిన తమరు రంగుల పెట్టెలోంచి ఇంకా కాలు బయట పెట్టలేదు. అయినా తమ పొడి అప్పుడే నా ముక్కు మీదికీ, తలుపు గడియ మీదికీ చేరింది. తమ పలుకుబడి అలాంటిది.

సంగతేమిటంటే, అమెరికా నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ బొమ్మ వేస్తున్నాను. 1998 ఎన్‌బీఏ ఫైనల్స్ నాటి ముఖం. ఆరో మ్యాచ్‌లో, ఇంకో 5.2 సెకన్లలో ఆట ముగుస్తుందనగా బంతిని బుట్టలో వేసి, షికాగో జట్టును 87-86తో గెలిపించిన మనిషి. ఈ పేరు చెవిన పడగానే ‘ఇక పెత్తనం నాదే’ అని తమరు పెట్టెలో మీసం మెలేసినట్టున్నారు. కొత్తగా బొమ్మలు వేసేవాళ్లు కూడా మొదట తమ మీదే చెయ్యి వేస్తారు కాబట్టి, తమ ధీమాలో తప్పేం లేదు.

కానీ ఆ ముఖంలో తమకు ఉద్యోగం లేదండీ. అడుగు పొర ముదురు గోధుమ రంగుది. నీడ పడిన చెంప ఊదాదీ, అల్ట్రామెరైన్ నీలానిదీ. చెంప ఎముక మీద నారింజ. గవదల కింద జెర్సీ ఎరుపు పైకి తన్నుతోంది, అక్కడ ఎర్రమట్టి రంగు. అందరూ ఒకరి మీద ఒకరు సర్దుకుని కూర్చున్నారు. మధ్యలో తమరు దిగితే నారింజ కాస్తా మురికిపట్టిపోతుంది, కాగితం గరుకంతా తమతోనే నిండిపోతుంది, ఆపైన ఏ రంగు రుద్దినా జారిపోతుంది. పిలవని పేరంటానికి వచ్చి పీట వదలకపోవడమంటే ఇదే.

పోనీ జుట్టుకైనా పిలుద్దామంటే, ఆయనది గుండు! ఆ గుండు మీద స్టేడియం దీపాలు పడి లేత నీలం మెరుస్తోంది. నాలుక బయటపెట్టిన నోటి లోపలి చీకటైనా దక్కుతుందని ఆశపడ్డారేమో, అది ముదురు మెరూన్ వాటా. కనుపాపలు గోధుమా నీలం కలిసి పంచుకున్నాయి.

తమ వంశం గొప్పదే, కాదనను. 18వ శతాబ్దంలో వెనిస్‌లో రొసాల్బా కారియెరా, పారిస్‌లో లా టూర్ అనే చిత్రకారులు పాస్టెల్‌తోనే దొరల ముఖాలు వేశారు. ఆ దొరలూ పౌడర్ పూసుకునే కూర్చునేవాళ్లు, పొడికి పొడి సరిపోయింది. ఇక్కడ చెమట వెయ్యాలి. పొడి రంగుతో తడి చూపించడమన్న మాట! ఒక్క బొట్టు తీసుకోండి: దీపం ఉన్న వైపు చిన్న తెల్ల చుక్క, దానికి ఎదురు అంచులో లోపలగా లేత నారింజ, బొట్టు కింద చర్మం మీద సన్నటి ఊదా నీడ. అంతే, జారబోతున్నట్టుంటుంది. ఆ నీడ తమరు వేస్తే అది పుట్టుమచ్చ.

అలాగని పూర్తిగా వెళ్లగొట్టడం లేదు. ఎర్ర జెర్సీ మీద తెల్ల అంచుల మధ్య 23 అనే అంకె ఉంది. అది అచ్చంగా తమదే. ఆట మానేసిన జోర్డన్ 1995లో తిరిగొచ్చినప్పుడు కొన్నాళ్లు 45 వేసుకున్నాడు. ఆ బొమ్మ వేసినా తమకు రెండంకెల పనే.

షరతులు కొన్ని ఉన్నాయి. ముఖం పూర్తయ్యేదాకా పెట్టె దిగకూడదు. బోర్డు నిటారుగా ఉంటుంది కాబట్టి రాలేది కిందికే రాలాలి, గడ్డం వైపు ఎగబాకకూడదు. రాలిన పొడిని ఉఫ్‌మని ఊదను, నా ఊపిరితిత్తుల్లో తమకు చోటు లేదు. బోర్డు వెనక తట్టి దించుతాను. ఫిక్సేటివ్ (పొడి రాలకుండా చల్లే ద్రవం) కొట్టి తమను కాగితానికి శాశ్వతంగా అంటగట్టమని అడగొద్దు. అది కొడితే తమరు ఇంకా నల్లబడతారు, పక్కనున్న చెమట మెరుపులు చల్లారిపోతాయి. అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు అనే మందపాటి అట్టతో సందు ఉంచి ఫ్రేమ్ కట్టిస్తాను. అద్దానికి అంటుకుని పారిపోయే ఆలోచన కూడా మానుకోండి.

ఇట్లు,
తమ పొడితో తుమ్ముతున్న చిత్రకారుడు

తా.క.: తెల్ల పాస్టెల్ గారికి నోటీసు విడిగా పంపుతున్నాను. బొట్టుకొక చుక్క పెట్టమంటే నుదురంతా దున్నేసేలా ఉన్నారు.