లామలేరాను దోషిగా నిలబెట్టొద్దు

ఇండోనేసియాలో ఫ్లోరెస్ దీవి దాటి తూర్పుకు వెళ్తే వరసగా వచ్చే చిన్న దీవుల్లో లెంబాటా ఒకటి. దాని దక్షిణ తీరాన, కొండకూ కడలికీ మధ్య ఇరుక్కున్న ఊరు లామలేరా. జనం సుమారు రెండు వేలు. దున్నుదామంటే నేలంతా రాయి, పోనీ నీరు పారిద్దామంటే వాలు. అందుకే తరతరాలుగా వారి పంట సముద్రంలోనే పండుతోంది. చెక్క పడవల మీద వెళ్లి, చేతి బల్లెంతో స్పెర్మ్ తిమింగలాన్ని కొట్టి, ఆ మాంసంతో ఏడాది గడుపుకునే ఊరది. ఈ వేటను ఆపించాలన్న ఒత్తిడి చాలా ఏళ్లుగా ఉంది. తిమింగలాలు బతకాలని మేమూ గట్టిగా కోరుకుంటాం. కానీ వాటిని కాపాడే పని లామలేరా కంచం లాగేయడంతో మొదలుకావడం అన్యాయమని మా అభిప్రాయం.

ఈ వేట ఎలా జరుగుతుందో తెలియకుండా తీర్పు చెప్పేవారే ఎక్కువ. మే 1న రేవు ఇసుకలో దివ్యబలి పూజ జరిపి, పడవల మీద పవిత్ర జలం చల్లాక వేట కాలం మొదలవుతుంది. ఊరు క్యాథలిక్. కొండ మీది పాత గోత్రాల వారు తిమింగలాలను పిలుస్తూ చేసే పూర్వీకుల క్రతువూ ఆగలేదు. 'తేనా' అనే పడవలో ఇనుప మేకన్నది ఉండదు, పలకలను చెక్క చీలలతోనే బిగిస్తారు. ముందు కొసన వెదురు బొంగుల అరుగు, దాని మీద బల్లెం పట్టే 'లామఫా'. తిమింగలం కనబడగానే ఒడ్డు నుంచి 'బలేవో' అని కేక లేస్తుంది. ఊరంతా ఆ కేక అందుకుంటుంది. పడవ దాని వీపు దగ్గరకు చేరగానే లామఫా గడతో సహా గాలిలోకి లేచి, ఒంటి బరువంతా బల్లెం మీద మోపి దూకుతాడు. ఆ తర్వాత గంటల తరబడి పెనుగులాట. తోక దెబ్బకు పడవలు ముక్కలయ్యాయి, తిరిగిరాని మనుషులూ ఉన్నారు. తిమింగలానికి అది సులువైన చావు కాదన్నది కూడా నిజమే. దాన్ని దాచి లామలేరాను వెనకేసుకురావాల్సిన అవసరం మాకు లేదు.

ఒడ్డుకు చేరిన మాంసం పంపకం చూస్తే ఆ ఊరి కట్టుబాటు తెలుస్తుంది. ఏ భాగం ఎవరిదో ముందు నుంచే నిర్ణయమై ఉంటుంది. లామఫాకు ఒక వాటా, తెడ్డు వేసిన వారికి వాటాలు, పడవ కట్టిన వడ్రంగికి, బల్లెం మొన చేసిన కమ్మరికి వేరే వాటాలు. వలస వచ్చిన తమ పూర్వీకులకు చోటిచ్చిన పాత గోత్రాలకు తల దగ్గరి భాగం నేటికీ వెళ్తుంది. ఇళ్లకు చేరిన వాటాలు అక్కడి నుంచి చుట్టాలకు, పడవ ఎక్కే మగదిక్కులేని ఇళ్లకు మళ్లీ పంపకమవుతాయి. మిగిలింది పొడవాటి ముక్కలుగా కోసి వెదురు దండేల మీద ఎండబెడతారు. కింద పెట్టిన గిన్నెల్లోకి నూనె బొట్టుబొట్టుగా కారుతుంది. ఆ ఎండు ముక్కలను ఆడవాళ్లు తలమీద పెట్టుకుని కొండ ఊళ్లకు, శనివారం వులందోని సంతకు తీసుకెళ్తారు. విజిల్ మోగాక బేరం మొదలు. మాంసం ఇచ్చి మొక్కజొన్న, అరటిపళ్లు, దుంపలు పట్టుకొస్తారు. తీరానికి తిండిగింజలు, కొండకు మాంసం ఇలా అందుతున్నాయి. వేట ఆగితే నష్టపోయేది ఒక్క లామలేరాయే కాదు, ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీద బతికే కొండ ఊళ్లు కూడా.

ఇక పాపం లెక్క చూద్దాం. 20వ శతాబ్దంలో కర్మాగారాల్లాంటి ఓడలు, పేలుడు బల్లేలు వాడి వేట పరిశ్రమ చంపిన తిమింగలాలు దాదాపు 29 లక్షలు. వాటిలో స్పెర్మ్ తిమింగలాలే 7 లక్షల 60 వేలు. చంపిన దేశాలు సబ్బులకు, వెన్న బదులు వాడే మార్జరిన్‌కు, యంత్రాల కందెనకు, లాభానికి చంపాయి. లామలేరా పట్టేది ఏడాదికి సగటున ఇరవై. కొన్నేళ్లు అంతకన్నా బాగా తక్కువ. పళ్లకు బదులు నోట్లో జల్లెడలాంటి పలకలుండే బలీన్ తిమింగలాల జోలికి వారు వెళ్లరు. పూర్వీకులను కాపాడి ఒడ్డుకు చేర్చింది ఆ జాతికి చెందిన నీలి తిమింగలమేనన్నది వారి నమ్మకం. సముద్రాన్ని ఖాళీ చేసిన వారి పాపాన్ని ఈ ఊరి నెత్తిన రుద్దడం ఏ ధర్మం?

అంతర్జాతీయ తిమింగల కమిషన్ 1982లో నిర్ణయించి 1986 నుంచి అమలు చేసిన నిషేధం వాణిజ్య వేటకే. అలస్కా, గ్రీన్‌లాండ్, రష్యాలోని చుకోట్కా, కరీబియన్‌లోని బెక్వియా దీవి ప్రజలకు పొట్టకూటి వేటను అదే కమిషన్ కోటా పెట్టి అనుమతిస్తోంది. ఇండోనేసియా అందులో సభ్యదేశం కాదు. స్వదేశీ చట్టం తిమింగలాలను రక్షిత జీవులంటుంది, లామలేరా వేటను మాత్రం చూసీచూడనట్లు వదిలేస్తుంది. ఈ మౌనం ఆ ఊరికి రక్షణ కాదు, మెడమీద వేలాడే కత్తి. 2009లో లెంబాటాకు దక్షిణాన ఉన్న సావు సముద్రాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించే సన్నాహాలు జరిగినప్పుడు, వేట ఆగిపోతుందన్న భయంతో లామలేరా వీధికెక్కింది. ఆ నిరసన వల్లే లెంబాటా జలాలు దాని హద్దుల్లో లేకుండా పోయాయి. ముందే పిలిచి మాట్లాడి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

అలాగని ఊరు చేసేదంతా ఒప్పేనని అనలేం. పక్కనే సోలోర్ దీవిలో లామకేరా ఉంది. పేరులో ఒక్క అక్షరమే తేడా, వృత్తీ దగ్గరిదే. అక్కడ మాంటా రే చేపల వేటలోకి మోటారు పడవలు వచ్చాయి. వాటి మొప్పలకు చైనా మార్కెట్లో గిరాకీ పెరిగింది. తిండికోసం సాగిన వేట ఎగుమతి వ్యాపారమైంది, చేపలు తరిగిపోయాయి. చివరికి 2014లో ఇండోనేసియా ప్రభుత్వం మాంటా వేటను పూర్తిగా నిషేధించాల్సి వచ్చింది. లామలేరాలోనూ మోటార్లు దిగాయి, పెద్ద వలలు వచ్చాయి, డబ్బు బేరమూ పెరుగుతోంది. స్పెర్మ్ తిమింగలం నాలుగు నుంచి ఆరేళ్లకు ఒక్క పిల్లనే కంటుంది. చేతి బల్లెం వేగానికి తట్టుకున్న మంద మోటారు వేగానికి తట్టుకోలేదు. తెడ్డుకు, వాటాకు, వస్తుమార్పిడికి కట్టుబడినంత కాలమే ఈ వేటకు న్యాయం ఉంటుంది. ఈ మాట లామలేరా పెద్దలకు మనకన్నా బాగా తెలుసు. మోటారు వాడకం మీద ఊళ్లో వాదోపవాదాలు ఏనాడో మొదలయ్యాయి.

1970లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ ఊరి వేటను ఆధునికం చేయబోయింది. నార్వే నుంచి నిపుణుణ్ణి తెప్పించింది. ఆ ప్రయత్నం నిలవలేదు. అప్పుడు ఎక్కువ చంపడం నేర్పడానికి వచ్చారు, ఇప్పుడు అసలే చంపొద్దని చెప్పడానికి వస్తున్నారు. రెండుసార్లూ ఊరిని అడిగింది లేదు.

ఇండోనేసియా ప్రభుత్వం ఇకనైనా మౌనం వీడాలి. లామలేరా సంప్రదాయ వేటను చట్టంలో రాతపూర్వకంగా గుర్తించాలి. ఏడాదికి ఎన్ని అన్నది గోత్ర పెద్దలు, సముద్ర శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుని తేల్చాలి. వేటలో మోటారును, ఊరి సంతలు దాటిన అమ్మకాన్ని నిషేధించే షరతును ఊరి చేతనే రాయించాలి, దాని అమలునూ ఊరికే అప్పగించాలి. బల్లెం వదిలి వేరే బతుకు చూసుకుంటామనే యువకులకు చదువు, మంచి పడవ, చేపను చెడకుండా దాచే శీతల గిడ్డంగి అందాలి. పోలీసులను పంపే ముందు ఇవన్నీ పంపాలి. తిమింగలాల పేరిట విరాళాలు సేకరించే అంతర్జాతీయ సంస్థలు అందులో కొంత వులందోని రోడ్డుకు, లామలేరా ఆసుపత్రికి వెచ్చించాలని మేము కోరుతున్నాం.