రీప్లేస్‌మెంట్ బయల్దేరాడు సార్

హోమ్ కేర్ ఏజెన్సీల మీద జనం ఊరికే నోరు పారేసుకుంటున్నారు. నాకిది నచ్చడం లేదు. మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకే రాత్రి పోయాయి. అప్పటి నుంచి, అంటే ఈ రెండేళ్ళ నాలుగు నెలల్లో, మూడు ఏజెన్సీలు కలిసి మా ఇంటికి పదిహేడు మంది అటెండెంట్లని పంపాయి. నా పెళ్ళికి వచ్చి మా ఇంట్లో దిగిన చుట్టాలు కూడా ఇంతమంది లేరు. ఆ అనుభవంతో చెబుతున్నా, వాళ్ళు మనకి చేస్తున్న మేలు మనం సరిగ్గా గుర్తించడం లేదు.

ఓర్పు సంగతే తీసుకోండి. మానేసిన అటెండెంట్‌కి బదులు వచ్చేవాడు పొద్దున ఎనిమిదికి డ్యూటీకి రావాలి. ఎనిమిదింపావుకి ఫోన్ చేస్తే కోఆర్డినేటర్ అమ్మాయి "రీప్లేస్‌మెంట్ బయల్దేరాడు సార్, దారిలో ఉన్నాడు" అంటుంది. ఎంత తియ్యగా అంటుందంటే, అడిగినందుకు మనకే సిగ్గేస్తుంది. తొమ్మిదిన్నరకి "మెట్రోలో ఉన్నాడు సార్, సిగ్నల్ అందట్లేదు". పదకొండుకి "మియాపూర్‌లో దిగాడు సార్". మేముండేది దిల్‌సుఖ్‌నగర్. లైను ఒకటేలెండి, కాకపోతే మియాపూర్ అటు చివర. మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్రాడే నాకు ఫోన్ చేసి, "అన్నా, నేనింకా ఖమ్మంలోనే ఉన్నా, నాకిప్పుడే చెప్పారు, కొంచెం లొకేషన్ పెడతావా" అన్నాడు. ఈలోగా నేను ఆఫీసుకి సెలవు పెట్టి, మోకాళ్ళు అరిగిపోయిన మా అమ్మతో కలిసి నాన్నకి డైపర్ మార్చి, ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, మళ్ళీ డైపర్ మార్చాను. జిమ్ముకి డబ్బు కట్టి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు జాలి. నేను డబ్బు కట్టి ఇంట్లోనే బరువులెత్తుతున్నాను.

ఇక శిక్షణ. అగ్రిమెంట్ కాగితం మీద "సుశిక్షితులైన సిబ్బంది" అని అచ్చులో ఉంటుంది. అబద్ధం కాదు, శిక్షణ ఎక్కడ జరుగుతుందో రాయలేదంతే. మా ఇంట్లో జరుగుతుంది. ప్రిన్సిపాల్ మా అమ్మ. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి తొడగాలి, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతి నుంచి తియ్యాలి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పుండ్లు పడతాయి, ఎయిర్ బెడ్ ఉంది కదా అని ఊరుకోకూడదు. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి దించమనాలి, లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ సిలబస్ మా అమ్మ పదిహేడు బ్యాచ్‌లకి చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసిన మా నాన్న ఇప్పుడు మంచం మీద పాఠ్యపుస్తకంగా కొనసాగుతున్నాడు. కుర్రాడు పాసయ్యాడనిపించిన వారానికి ఏజెన్సీ వాడిని వేరే ఇంటికి పంపి, మాకు కొత్త అడ్మిషన్ ఇస్తుంది. ఫీజు మాత్రం మేమే కడతాం.

పన్నెండో బ్యాచ్ కుర్రాడు వచ్చిన గంటకి నాన్నని వెల్లకిలా పడుకోబెట్టే ఇడ్లీ ముక్క నోట్లో పెట్టాడు. నాన్న దగ్గుతూ దగ్గుతూ నీలంగా అయిపోతుంటే నేనూ అమ్మా ఎత్తి కూర్చోబెట్టి వీపు చరిచాం. కాస్త తేరుకున్నాక, ఇంతకుముందు ఎక్కడ చేశావు బాబూ అని అడిగాను. "బిర్యానీ సెంటర్‌లో పార్సిల్ కౌంటర్ అన్నా. నిన్ననే ఇందులో జాయినయ్యా" అన్నాడు. వాడి చేతులు నాకంటే ఎక్కువ వణుకుతున్నాయి. వాడి తప్పేముంది చెప్పండి? రోడ్డు పక్క టిఫిన్ బండికి కూడా ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనీ హోమ్ హెల్త్ ఎయిడ్ అనీ ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో కోర్సులున్నాయి. ఆ సర్టిఫికెట్ ఏదీ అని మూడు ఏజెన్సీలనీ అడిగాను. మూడూ "వాట్సాప్‌లో పెడతాం సార్" అన్నాయి. అదీ దారిలోనే ఉంది.

డబ్బు దగ్గర మాత్రం ఎంత క్రమశిక్షణో! పగటి పన్నెండు గంటలకి నెలకి 28 వేలు, అడ్వాన్సుగా. రిజిస్ట్రేషన్ 3 వేలు, తిరిగి రాదు. డిపాజిట్ 10 వేలు, తిరిగి వస్తుందట. ఇరవై ఎనిమిదిలో కుర్రాడికి ముట్టేది 15 వేలు, అదీ నెలాఖరున అడగ్గా అడగ్గా. మిగిలిన 13 వేలు "బయల్దేరాడు సార్" అన్న మాటకి. ఆ కుర్రాడినే మనం నేరుగా పెట్టుకుని ఇరవై ఇద్దామంటే అగ్రిమెంట్‌లో తొమ్మిదో క్లాజు ఉంది, 50 వేలు జరిమానా. రోగికి ఏమైనా అయితే తమకి సంబంధం లేదని పదో క్లాజు. ఈ రెండు క్లాజులూ పక్కపక్కన పెట్టిన లాయరెవరో గానీ ఆయనకి నా నమస్కారం.

డాలస్‌లో ఉన్న మా అన్నయ్య ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "రివ్యూలు చూసి మంచి ఏజెన్సీ పెట్టొచ్చుగా రా" అంటాడు. చూశాను. ఒకే రోజు ఇరవై రెండు మంది "ఎక్సలెంట్ సర్వీస్" అని రాశారు, అందరూ 'సర్వీస్' స్పెల్లింగ్ ఒకేలా తప్పు రాశారు.

ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగే అలవాటు కూడా మనం మానుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వాళ్ళకి సంరక్షకుల భత్యం అనే మాట స్పష్టంగా ఉంది. దాని పక్కనే "ఆర్థిక స్తోమత పరిమితిలో" అని ఇంకా స్పష్టంగా ఉంది. పక్షవాతంతో మంచం పట్టినవాళ్ళకి ఆంధ్రలో 2024 జూలై నుంచి పింఛను నెలకి 15,000 చేశారు. తెలంగాణలో మేం ఆరా తీసిన రోజున దివ్యాంగుల పింఛను 4,016. కాబట్టి పక్షవాతం తెచ్చుకునేవాళ్ళు ముందే సరిహద్దు చూసుకోవాలి. మా నాన్నకి టీచరు పెన్షన్ ఉంది కనుక ఈ రెండూ ఆయనకి రావనుకోండి. మాకు దొరికింది సదరం సర్టిఫికెట్, వైకల్యం 80 శాతం అని. ఆ మిగిలిన 20 శాతం ఎక్కడుందో డాక్టరు చెప్పలేదు గానీ మాకు తెలుసు. నాన్న నోట్లో ఉంది.

మాటంతా పోయాక నాన్నకి "అదే" అన్న ఒక్క మాట మిగిలింది. దేనికైనా అదే. తొమ్మిదో బ్యాచ్‌లో వచ్చిన శ్రీకాకుళం కుర్రాడు పది రోజుల్లో దానికి నిఘంటువు తయారుచేశాడు. రాగం తీస్తే మంచినీళ్ళు. తెంచినట్టు అంటే పక్కకి తిప్పమని. వెంటవెంటనే రెండుసార్లు అంటే ఫ్యాన్ తగ్గించమని. ఎడమ కనుబొమ్మ పైకి లేపి, పళ్ళ మధ్య నుంచి "అద్దే" అంటే మాత్రం, "అది 'దద్దమ్మ' అని, అన్నా" అని వాడే కనిపెట్టాడు. నిజమే, లెక్క తప్పు చేసిన పిల్లల్ని నాన్న తిట్టే తిట్టు అదొక్కటే. వాడున్న నాలుగు నెలలూ మా అమ్మ మధ్యాహ్నం ఓ గంట నిద్రపోయింది.

ఒక సోమవారం వాడు రాలేదు. టైఫాయిడ్ అని చెప్పింది ఏజెన్సీ. మా అమ్మ వాడి కోసం వెంకన్నకి ముడుపు కట్టింది. బుధవారం సాయంత్రం వాడే వీడియో కాల్ చేసి "నాన్నగారూ, మందులేసుకున్నారా?" అని అడిగాడు. వాడి వెనకాల ఇంకెవరిదో మంచం, ఇంకెవరిదో ఎయిర్ బెడ్ మోటారు చప్పుడు. నెలకి 35 వేలిచ్చే ఇల్లట, జూబ్లీహిల్స్‌లో. వాడికి పెంచింది వెయ్యి. నాన్న ఫోన్ వైపు ఎడమ చెయ్యి చాపి రాగం తీశాడు. వాడు వెంటనే "అన్నా, నీళ్ళు" అన్నాడు.

మొన్న ఆ ఏజెన్సీ నుంచే ఫీడ్‌బ్యాక్ కాల్ వచ్చింది. మా సేవలకి ఐదుకి ఎన్ని మార్కులేస్తారు సార్ అని. సేవలందుకున్నది నేను కాదు కదా, పేషెంట్‌నే అడగండని స్పీకర్ ఆన్ చేసి నాన్న మూతి దగ్గర పెట్టాను. నాన్న కాసేపు ఆలోచించాడు. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది.

"అద్దే."

"థాంక్యూ అంకుల్! ఐదు వేసుకుంటున్నా. సార్, అంకుల్ మాట చాలా ఇంప్రూవ్ అయింది, మా స్టాఫ్ బాగా చూసుకున్నట్టున్నారు" అంది ఆ అమ్మాయి.